మామ నాటకాలు ఎవరు రాశారు?

పోయిన నెల పటాన్‌చెరులో, హైవే పక్కన ఒక ఫంక్షన్ హాల్లో పెళ్ళికి వెళ్ళాను. ఈ వయసులో నేను వెళ్ళే పెళ్ళిళ్ళలో పెళ్ళికూతురెవరో, పెళ్ళికొడుకెవరో నాకు తెలియదు. కార్డు ఇచ్చినవాళ్ళ ముఖం గుర్తుంటే అదే పదివేలు. అక్షింతలు వేసి, ప్లేటులో ఇంత బగారన్నం పెట్టుకుని, ఫ్యాను కింద కుర్చీ సంపాదించి కూర్చున్నాను. పక్కన ఇద్దరు పెద్దమనుషులు తింటున్నారు. మాటలను బట్టి ఇద్దరూ ఇక్కడి మందుల కంపెనీల్లో పనిచేసి రిటైరైనవాళ్ళే. వెనకటి రోజులు తలుచుకుంటూ తలుచుకుంటూ నాటకాల దగ్గరికి వచ్చారు. "ఆ నాటకాలు ఆయన రాసినయి గావు. పెండ్లాం రాసేది, ఈయన పేరు ఏసుకునేటోడు" అన్నాడు ఒకాయన. రెండో ఆయన ఒప్పుకోలేదు. "నీకెవలు జెప్పిండ్రు? రాసింది ప్రాంప్టింగ్ సాబు. తెరెనక కాయితాలు పట్టుకొని ఆయననే నిలవడుతుండె, నేను నా కండ్లతోటి సూసిన" అన్నాడు. వాళ్ళు మాట్లాడుతున్నది మా మేనమామ గురించి. ముద్ద నా చేతిలోనే ఆగిపోయింది. నేను ఆ ఇంట్లో ఉన్నదాన్నని, నన్నడిగితే చెప్తానని అనాలనిపించింది. అనలేదు. చేతులు కడుక్కుని ఇంటికి వచ్చేశాను.

ఎనభైల చివర్లో నాకు ఇంద్రేశం దగ్గర ఒక ప్రాథమిక పాఠశాలలో టీచరు ఉద్యోగం వచ్చింది. ఇప్పుడక్కడ ఎటు చూసినా వెంచర్లూ, కమాన్లూ కనిపిస్తాయి గానీ అప్పుడు జొన్నచేలు, మధ్యలో మట్టిరోడ్డు. ఒంటరి ఆడపిల్ల కిరాయింట్లో ఎట్లా ఉంటుందని అమ్మ నన్ను పటాన్‌చెరులో తన తమ్ముడి ఇంట్లో పెట్టింది. మామకూ అత్తమ్మకూ పిల్లలు లేరు. రెండు గదులు, ముందు చిన్న వాకిలి, ఇనుప గేటు. పొద్దుగూకాక ఫ్యాక్టరీల వైపు నుంచి గాలి తిరిగితే కుళ్ళిన కోడిగుడ్ల వాసన వచ్చేది. మొదటి వారం ముక్కుకు కొంగు కట్టుకుని తిరిగాను. తర్వాత ఆ వాసన రాని రోజున ఏమైంది, కంపెనీ బంద్ పెట్టారా ఏమిటని గాబరా పడే స్థితికి వచ్చాను. నాకు గాబరా పుట్టుకతోనే వచ్చింది. బస్సు లేటైతే గాబరా, తొందరగా వస్తే అది మన బస్సు కాదేమోనని గాబరా. అట్లాంటి దాన్ని తీసుకుపోయి ఆ ఇంట్లోనే పెట్టారు.

మామ ఒక మందుల కంపెనీలో బాయిలర్ దగ్గర పని. ఆ పని చేసేవాళ్ళు వందమంది ఉంటారు గానీ, మామను అటు సంగారెడ్డి, జోగిపేట దాకా జనం ఎరుగుదురు. కారణం నాటకాలు. ఆ రోజుల్లో కంపెనీల్లో మేడే వచ్చినా, గణేశ్ నవరాత్రులు వచ్చినా కార్మికులే వేషాలు కట్టి నాటకం ఆడేవారు. మామ నాటకం అంటే పక్క ఊళ్ళ నుంచి ట్రాక్టర్లలో వచ్చేవారు. చేను అమ్ముకున్న రైతు, ఆ చేను మీద కట్టిన ఫ్యాక్టరీకే వాచ్‌మన్‌గా కుదిరే నాటకం ఒకటుంది. పెండ్లాం సద్దిగిన్నె తీసుకుని వస్తే, గేటు పాస్ లేదని మొగుడే ఆపాల్సి వస్తుంది. అప్పుడామె అంటుంది, "ఈ జాగల కలుపు తీసిననాడు నేను ఎవ్వర్ని అడగలే. ఇయ్యాల నా మొగుణ్ణే అడిగి లోపటికి రావాల్నా?" ఈ మాట బస్సుల్లో అనుకునేవారు. మా స్కూలు ఆయమ్మ నన్ను హెడ్మాస్టరు గది ముందు ఆపినప్పుడు నేనే అనేశాను ఒకసారి.

ఇంత పేరున్న మామకు తెలుగు రాయడం రాదు. ఇది ఇంట్లో మా ముగ్గురికీ, ప్రాంప్టింగ్ సాబుకూ మాత్రమే తెలిసిన సంగతి. మామ జోగిపేటలో చదువుకునే నాటికి నిజాం రాజ్యం. బడిలో ఉర్దూ. ఏడో తరగతి దాకా అలీఫ్, బే అంటూ చదివాడు, ఇంట్లో తెలుగు మాట్లాడాడు. అత్తమ్మ ఆయన కంటే కొన్నేళ్ళు చిన్నది. ఆమె బడికి పోయే నాటికి నిజాం పోయి, తెలుగు పలకలు వచ్చాయి. ఐదు తరగతులు చదివింది. ఒకే ఊరు, ఒకే బడి, మధ్యలో ఒక రాజ్యం మారింది, అంతే. ఆ తరంలో మగవాళ్ళు చాలామంది ఉర్దూలోనే సంతకం పెట్టేవారు, అదేం సిగ్గుపడే సంగతి కాదు. కానీ ఆయన 'రచయిత' అయి కూర్చున్నాడు. ఎవరైనా కాగితం ముందుకు తోస్తే, "బాయిలర్ కాడ చెయ్యి కాలింది బిడ్డా" అని తప్పించుకునేవాడు. ఆ చెయ్యి కాలింది నిజమే. ఎప్పుడో మానింది కూడా. పోనీ, తెలుగునే ఉర్దూ అక్షరాల్లో రాసుకోవచ్చు కదా అని అడిగాను. "రాస్తే అయితది. మళ్ళ సదువుతే నాకే తెల్వది" అన్నాడు.

ఇంతకూ నాటకం తయారయ్యే పద్ధతి చెప్పాలి. షిఫ్టు నుంచి వచ్చి, స్నానం చేసి, చాయ్ తాగి మామ నడవడం మొదలుపెట్టేవాడు. పొయ్యి దగ్గరి నుంచి గేటు దాకా, గేటు నుంచి పొయ్యి దాకా. షావుకారు మాట్లాడేటప్పుడు బొజ్జ ముందుకు పెట్టి నడిచేవాడు, ముసలివాడు మాట్లాడేటప్పుడు గోడ పట్టుకుని నడిచేవాడు. అత్తమ్మ పీట మీద కూర్చుని, ఒళ్ళో అట్ట పెట్టుకుని రాసేది. ఆయన గేటు దగ్గర అన్నది ఆమెకు వినిపించకపోతే "ఆ?" అనేది, మళ్ళీ చెప్పేవాడు. మధ్యలో ఎక్కడో ఆమె రాయడం ఆపేసేది. ఆయన రెండు అడుగులు వేసి, చప్పుడు రావడం లేదని తిరిగి చూసేవాడు.

"రాసినవా?"

"రాయలే."

"ఎందుకు?"

"ఆడిది గట్ల అనదు."

"మరేమంటది?"

ఆమె కాస్త ఆలోచించి, పొయ్యి మీది కూర కలిపి, ఏదో చెప్పేది. పెద్ద మాటలేం కావు. ఆయన ఆ మాట పట్టుకుని గేటు దాకా నడిచి, దానికి జవాబుగా మగవాడి మాట తెచ్చేవాడు. ఆమె రాసుకునేది. కలుపు మాట అట్లా వచ్చిందే. అది వచ్చిన సాయంత్రం నేను అక్కడే చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను. ఏ మాట ఎవరిదన్న ఆలోచన మాకెవరికీ తోచలేదు. కూరలో ఉప్పు ఎవరు వేశారని అడుగుతామా ఎక్కడైనా. నాటకం పూర్తయ్యాక ప్రాంప్టింగ్ సాబు వచ్చి మొత్తం చదివించుకుని వినేవాడు. ఆయన మామ దోస్తు, అదే కంపెనీలో ఫిట్టరు. ఆయనకు తెలుగు చదవడమే రాదు. రెండుసార్లు వింటే నాటకమంతా నోటికి వచ్చేసేది, తెర వెనక ఊరికే భరోసా కోసం కాగితాలు పట్టుకునేవాడు. ఆ కాగితాలను చూసే ఫంక్షన్ హాలు పెద్దమనిషి ఇన్నేళ్ళూ ఆయనే రచయిత అనుకుంటూ వచ్చాడు.

ఒకరోజు సంగారెడ్డి నుంచి అక్కడి సాంస్కృతిక సంఘం కార్యదర్శి వచ్చాడు. మామకు లైబ్రరీ హాల్లో సన్మానం చేస్తారట, వాచ్‌మన్ నాటకాన్ని హైదరాబాదు పోటీలకు సంఘం తరఫున పంపుతారట. అత్తమ్మ సంతోషంతో చాయ్‌లో చక్కెర రెట్టింపు వేసింది. కార్యదర్శి ఆ పాకం తాగి, గొంతు సవరించుకుని అసలు సంగతి ఎత్తాడు. "కొందరు అనుకుంటున్నరు సార్, మీకు తెలుగు రాయరాదు, ఎవరో రాసిస్తరు అని. మన కాలేజీ తెలుగు లెక్చరర్ సారుకు గూడ అనుమానమున్నది. సభల అందరి ముందట ఒక చిన్న సీను మీ చేత్తోటి రాసి ఇయ్యండి. అందరి నోర్లు మూతవడతయి. రాయకుంటే మాత్రం పోటీకి పంపుడు కష్టం" అన్నాడు. చాలా మర్యాదగానే అన్నాడు. మామ కూడా మర్యాదగానే, "అట్లనే" అన్నాడు. ఆయన వెళ్ళాక ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. షిఫ్టు దిగి, నిద్ర ఆపుకుని రిహార్సల్స్ చేస్తున్న ఆ కార్మికులందరికీ హైదరాబాదు స్టేజీ ఎక్కాలని ఆశ. మామ రాయలేకపోతే వాళ్ళ ఆశ పోతుంది, మామ పరువు పోతుంది, ఇప్పటిదాకా వేసిన నాటకాలన్నీ దొంగతనం కిందికి వస్తాయి.

సభకు నెల రోజులే గడువు. పగలు ఒకటో తరగతి పిల్లలకు నేర్పిన అక్షరాలే సాయంత్రం మామకు నేర్పడం మొదలుపెట్టాను. పిల్లలు నయం. ఉర్దూ కుడి నుంచి రాసిన అలవాటుతో మామ చెయ్యి పలక మీద పెట్టగానే కుడివైపుకు పరిగెత్తేది. "ఇటు కెల్లి మామా, ఇటు కెల్లి" అని చెయ్యి పట్టుకుని ఎడమవైపుకు తెచ్చేదాన్ని. "అన్ని ఒక్క తీర్గనే ఉన్నయి బిడ్డా, దేనికి ఫరక్ లేదు" అనేవాడు. చెమటలు పట్టేవి. ఎవరైనా గేటు తీస్తే పలక బియ్యం డబ్బా వెనక దాచేవాళ్ళం. నాకు నిద్ర పట్టేది కాదు. బడిలో పిల్లవాడు 'ఘ' తప్పు రాస్తే నేను ఏడిచినంత పని చేశాను, వాడు బిత్తరపోయాడు. అత్తమ్మ ఒక్కతే మామూలుగా ఉంది. ఒకసారి చూసి చూసి, "రాకుంటే ఏమైతది? నేను రాస్తున్న గద" అంది. మామ అంతెత్తున లేచాడు. "నువ్వు రాస్తున్నవనే గద లొల్లి" అన్నాడు. ఆమె పోయి బట్టలు మడతపెట్టుకుంది. ఆ నెల రోజులూ మామ పొయ్యి దగ్గరి నుంచి గేటు దాకా నడవలేదు. అక్షరాల యావలో పడి నాటకం సంగతే మర్చిపోయాం.

సభ రోజుకు మామ చిన్న చిన్న వాక్యాలు తప్పుల్లేకుండా రాసే దశకు వచ్చాడు. ఒక పేజీ సీను ముందే అనుకుని, దాన్నే పదే పదే రాయించాను. లైబ్రరీ హాలు నిండింది. ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క. నేనూ అత్తమ్మా రెండో వరసలో కూర్చున్నాం. బల్ల మీద కాగితాలు, పెన్ను పెట్టారు. మామ కుర్చీలో కూర్చుని పెన్ను మూత తీశాడు. అప్పుడు లెక్చరర్ సారు లేచాడు. ఆయన మీద నాకు ఇప్పటికీ కోపం లేదు. నాటకమంటే ప్రాణమిచ్చే మనిషి, అనుమానం వచ్చింది, అడిగాడు. "రాయుడు వద్దులెండి. బట్టీవట్టి రాసిండని రేపు మళ్ళొక మాట వస్తది. మీ వాచ్‌మనే ఉన్నడు అనుకోండి. కంపెనీ లాకౌట్ అయింది. వాడు ఇంటికొచ్చి పెండ్లానికి చెప్పాలె. ఆ సీను నోటితోటి చెప్పండి, మాకు చాలు" అన్నాడు.

మామ ముఖం వెలిగిపోయింది. నాకు ప్రాణం లేచొచ్చింది. నోటితో అయితే ఆయనకు ఎదురేముంది. పెన్ను పక్కన పడేసి లేచి నిలబడ్డాడు. స్టేజీ మీద ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచాడు. భుజాలు వంచి, టోపీ తీసి చంకలో పెట్టుకున్నట్టుగా పెట్టుకుని, లేని గడప దగ్గర ఆగాడు. "కంపెనీ మూతవడ్డదే" అన్నాడు. ఎంత చిన్నగా అన్నాడో, హాలంతా వినిపించింది. ఇక పెండ్లాం మాట. మామ గొంతు సన్నం చేసి, చేతులు తలకు పెట్టుకుని, "అయ్యో దేవుడా, ఇగ మన గతి ఏంగావాలె" అన్నాడు. అంటూనే ఆయనకే తెలిసిపోయింది, అది మామూలు ఏడుపు మాట అని. ఆగాడు. మళ్ళీ నడిచాడు. మళ్ళీ గడప దగ్గరికి వచ్చి నోరు తెరిచాడు, మాట రాలేదు. అప్పుడు అర్థమైంది నాకు. నెల రోజులూ మేం భయపడింది అక్షరాల గురించి. భయపడాల్సింది వాటికి కాదు.

హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. మామ నిలబడిన చోటు నుంచి తిరిగి, ఇంట్లో చూసినట్టే, చప్పుడు ఎందుకు రావడం లేదన్నట్టు మా వరస వైపు చూశాడు. నా పక్క నుంచి అత్తమ్మ గొంతు వినిపించింది.

"గట్ల అనదు."

ఆమె కావాలని అన్నది కాదు. ఇన్నేళ్ళ అలవాటు, నోరు జారింది. అన్న వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జనమంతా మావైపు తిరిగారు. నేను కుర్చీలోకి కుంచించుకుపోయాను. అంతా అయిపోయింది, ఇక బయటికి పోయి బస్సెక్కడమే అనుకున్నాను. కానీ మామకు ఆ క్షణంలో హాలు లేదు, లెక్చరర్ లేడు. ఎప్పుడూ అడిగినట్టే అడిగాడు.

"మరేమంటది?"

అత్తమ్మ తల దించుకుంది. తర్వాత కొంగు తీసి, "గేటు తాళాలు నీ తానే ఉన్నయా, వాళ్ళు తీసుకున్నరా అని అడుగుతది" అంది.

మామ చెయ్యి దానంతట అదే జేబులోకి పోయింది. లోపల వెతికింది, ఆగింది. ఆయన ముఖంలో మారిన రంగు నేను చూశాను. "నా తాన్నే ఉన్నయే" అన్నాడు. ఈసారి హాలంతా, లెక్చరర్ సారుతో సహా, అత్తమ్మ నోటివైపు చూస్తోంది. ఆమె ఎవరినీ చూడలేదు, మామ ఒక్కడినే చూసింది. "అయితే తెల్లారి పోయి తీద్దాం పా. గట్ల ఓ మూలకు జొన్నలన్న సల్లుకుందాం" అంది.

చప్పట్లు ఒక్కసారిగా లేచాయి. వెనక ఎవరో ఈల వేశారు. మామకు శాలువా కప్పారు, వాచ్‌మన్ నాటకం హైదరాబాదు వెళ్ళింది. లెక్చరర్ సారు మాత్రం మెట్ల దగ్గర మమ్మల్ని ఆపి, "ఇంతకుముందు నాకు ఒక్కటే అనుమానముండె. ఇప్పుడు రెండైనయి" అని నవ్వాడు. మామ నవ్వలేదు. ఆ రోజు హాల్లో ఉన్న సగంమంది మామే రాస్తాడని నమ్మి ఇంటికి పోయారు, సగంమంది అత్తమ్మే రాస్తుందని నమ్మి పోయారు. హాలుకు రానివాళ్ళు ఎవరికి తోచింది వాళ్ళు నమ్మారు.

తిరుగుబస్సులో నేనూ అత్తమ్మా సీటులో కూర్చున్నాం. మామ శాలువా మడిచి చేత్తో పట్టుకుని పక్కన నిలబడ్డాడు. సంగారెడ్డి దాటాక వంగి, బస్సు చప్పుడులో ఆమెకే వినిపించేటట్టు అడిగాడు, మధ్యలో ఉన్న నాకూ వినిపించింది. "ఇన్నేండ్ల సంది నీ పేరు గూడ ఏస్తే బాగుండనిపియ్యలేదా నీకు?"

అత్తమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఎన్నడన్న అడిగితివా?" అంది.

అందులో దెప్పు లేదు. దెప్పి ఉంటే మామకు తేలికయ్యేది. ఆయన పటాన్‌చెరు వచ్చేదాకా బస్సు కడ్డీని పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. నాకు ఆ రాత్రి కోపం వచ్చింది, ఎవరి మీదో చెప్పలేను. అంత గొప్ప మాటలు అన్నీ చెప్పిన మనిషిని ఒక్కరూ అడగకపోవడం ఏమిటి, అందులో నేనూ ఉన్నానేమిటి అనిపించి ఉడికిపోయాను.

తర్వాతి నాటకానికి ఇద్దరి పేర్లూ వేస్తానన్నాడు మామ. అత్తమ్మ వద్దనలేదు, ఔననలేదు, నవ్వింది. లాకౌట్ మీదే నాటకం, తాళాల సీనుతో మొదలుపెట్టారు. సగమైనా కాకముందే మామ కంపెనీకే నిజంగా తాళాలు పడ్డాయి. వేషాలు వేసే కుర్రాళ్ళు తలో దిక్కుకు పోయారు. బాయిలర్ దగ్గర ఇన్నేళ్ళు పీల్చిన గాలి మామ ఊపిరితిత్తులను పట్టుకుంది. గేటు దాకా నడిస్తే ఆయాసం వచ్చేది. నడక తగ్గింది, కొన్నాళ్ళకు మంచం పట్టాడు, తర్వాత లేడు.

ఆయన పోయి ఏడాది తిరిగాక నేను కొత్త కాగితాలు కొనుక్కుని అత్తమ్మ దగ్గరికి వెళ్ళాను. అప్పటికి నాకు పెళ్ళయి, సంగారెడ్డిలో కాపురం. ఆ నాటకం నువ్వే పూర్తిచెయ్యి, నీ ఒక్క పేరే వేద్దాం, అచ్చు నేను వేయిస్తానని బతిమాలాను. ఆమె కాగితాలు ఒళ్ళో పెట్టుకుంది. పొయ్యి దగ్గరి నుంచి గేటు వైపు ఒకసారి చూసింది. కాగితాలు నాకే తిరిగి ఇచ్చేసింది.

"ఆయిన నడువంది నాకు మాట రాదు బిడ్డా" అంది.

ఎవరు రాశారని జనం అడిగినదానికి నేను విన్న జవాబు అదొక్కటే. మామకు అడగాలని తోచడానికి ఒక జీవితం పట్టింది, అత్తమ్మ తన పేరుతో చెప్పుకోవడానికి ఇంకొక జీవితం కావాల్సింది. కాలం ఇద్దరికీ కలిపి ఒక్కటే ఇచ్చింది.